దర్వాజ మీది బొగ్గు గీతలు

ఆ దసరాకు మా ఊరికి ఇద్దరొచ్చారు. ఒకడు మా మరిది పర్శరాములు, యుద్ధం నుంచి. రెండోవాడు కాసిం సాబు కొడుకు యూసుఫ్, ఇత్తడి గిన్నెలకు కళాయి పొయ్యడానికి. మొదటివాడికి డప్పులతో ఎదురుపోయాం. రెండోవాడు ఎప్పుడొచ్చి ఊరి బయట కొలిమి తవ్వుకున్నాడో ఎవరూ చూడలేదు.

అది అరవై అయిదు. పాకిస్తాన్‌తో యుద్ధం ఆగిందని లింగమూర్తి పటేలు ఇంటి రేడియో చెప్పిన కొద్దిరోజులకే పర్శరాములు ఖానాపూర్‌లో బస్సు దిగాడని కబురొచ్చింది. మా ఆయన హనుమండ్లు బండి కట్టేలోపలే సగం ఊరు బాట పట్టింది. వాడు ఊళ్ళోకి వచ్చేసరికి మెడలో బంతిపూల దండలు గడ్డం దాకా ఉన్నాయి. ఆకుపచ్చ మిలట్రీ బట్టలు, కాళ్ళకు బూట్లు, ఎడమ చేతికి మోచేతి దాకా కట్టు. మా అత్త భూమవ్వ దిష్టి తియ్యబోయి, కొడుకు ముఖమే చూస్తూ ఎర్రనీళ్ళన్నీ తన కాళ్ళ మీదే పోసుకుంది.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి వాడు ముక్కు తుడుచుకోవడం కూడా రాని పిల్లగాడు. నా చేతి ముద్దలు తిని పెరిగాడు. అలాంటివాణ్ణి ఊరంతా 'సిపాయి, సిపాయి' అంటుంటే నాకు నవ్వాగలేదు.

"ఏం సిపాయీ, తేలును జూస్తే నా కొంగు ఎనుక దాక్కునేటోనివి. పాకిస్తానోళ్ళ ముంగట ఎట్ల నిలవడ్డవు?" అన్నాను అందరి ముందే.

"ఆడ తేళ్ళు లేవు గద వదినే. ఉంటె ఎప్పుడో ఉరికొద్దును" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నా మరిదికి మాట పోలేదని నాకు సంతోషమైంది.

సాయంత్రం వాడి చేతికట్టు మార్చింది నేనే. విప్పి చూశాను. తోలంతా కాలి ముడతలు పడింది.

"ఏమైంది పర్శా?"

"లారీ అంటుకున్నది. లోపట ఇద్దరుండిరి. గుంజిన."

"బతికిండ్రా?"

"ఒగడు బతికిండు."

అంతే చెప్పాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి. తర్వాత జరిగింది విన్నవాళ్ళు వాడు యుద్ధంలో ఏమీ చెయ్యలేదేమో, ఉత్త డంబాచారమేమో అనుకుంటారు. చేశాడు. ఆ చెయ్యి అబద్ధం చెప్పదు.

కానీ మండే లారీలోంచి మనుషుల్ని బయటికి లాగడం ఊరికి ఆనలేదు. ఊరికి శత్రువు కావాలి. చావడి దగ్గర మంచం వేసి, వాణ్ణి మధ్యలో కూర్చోబెట్టి ఒకటే అడగడం, ఎంతమందిని చంపినవ్, ఎట్ల చంపినవ్ అని. వాడు చెప్పలేక చెప్పలేక, ఛత్రీలవాళ్ళ సంగతి ఎత్తుకున్నాడు.

"ఇమానాలకెళ్ళి ఛత్రీలు కట్టుకొని దుంకిండ్రు. చెరుకు తోటలల్ల దాక్కున్నరు. ఆడి ఊరోళ్ళే కట్టెలు వట్టుకొని ఎంటవడి పట్టుకున్నరు."

"మన లెక్కనే ఉంటరా?" అడిగాడు పటేలు.

"బట్టలు మనయే. మన లెక్కనే మాట్లాడ్తరు. ఇండ్లకు గుర్తులు పెడ్తరంట. పొగపెట్టి ఇమానాలకు జాడ చెప్తరంట."

మంచినీళ్ళు తీసుకుపోయి నేనూ అక్కడే నిలబడి విన్నాను. వాడు ఎవరో చెప్పగా విన్నది చెబుతున్నాడని నాకు అర్థమైంది. కూర్చున్నవాళ్ళకు మాత్రం వాడు కళ్ళారా చూసొచ్చినట్టే ఉంది. లింగమూర్తి పటేలు లేచి వాడి భుజం తట్టాడు.

"నువ్వుండంగ గీ ఊరికేం ఫికర్ రా! ఈసారి జమ్మికొమ్మ మొదలు కొట్టేది మనూరి సిపాయే."

తాతల నాటి నుంచీ పటేళ్ళే కొట్టే కొమ్మ అది. మా అత్త ఆ సంతోషంతో అన్నం కూడా సరిగ్గా తినలేదు.

యూసుఫ్ మా వాకిట్లోకి వచ్చింది ఆ మర్నాడే. పండుగకని దర్వాజకు సున్నం వేసి, ఎర్రటి జాజు పూసి, నేను చేతులు కడుక్కుంటున్నాను. "కళాయీ!" అని కేక వినిపించింది. ఏటా వచ్చే కాసిం సాబు గొంతు కాదు. చూస్తే కావడి మోసుకుని ఒక సన్నటి పిల్లగాడు, ఇప్పుడిప్పుడే మీసం వస్తోంది.

"కాసిమన్న ఏడి?" అంది మా అత్త.

"అబ్బకు మోకాళ్ళు వట్టినయవ్వా. నేను చిన్న కొడుకును, యూసుఫ్. పండుగ నాటికి ఎట్లన్న జేసి వస్తనన్నడు."

"రాకుంట ఎట్ల? ఏటేట నా చేతి బంగారం తీస్కోనిదే పోడు మీ అయ్య. నేను అడిగిన్నని చెప్పు."

దసరా సాయంత్రం జమ్మిచెట్టుకు పూజ చేసి, ఆ ఆకును బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుంటారు మా దిక్కు. చిన్నవాళ్ళు పెద్దల చేతిలో పెట్టి కాళ్ళు మొక్కుతారు. ఏడాది పొడుగునా మాట్లాడుకోనివాళ్ళు కూడా ఆ ఒక్క పూట ఆకు ఇచ్చి, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటారు. బంగారం కాదన్నవాళ్ళను నేనెన్నడూ చూడలేదు. కాసిం సాబు పండుగ దాకా ఉండి, అందరి గిన్నెలూ తిరిగిచ్చి, మా అత్త చేతి ఆకును టోపీలో పెట్టుకుని నిర్మల్ బాట పట్టేవాడు.

నేను రెండు గిన్నెలు, పెద్ద ఇత్తడి గుండిగ తెచ్చి ముందు పెట్టాను.

"గుండిగ అడుగు పల్చవడ్డది. జర పైలం" అన్నాను.

"ఫికర్ జెయ్యకక్కా" అంటూ వాడు జేబులోంచి బొగ్గుముక్క తీసి, నేను పొద్దున్నే సున్నం వేసిన దర్వాజ మీద రెండు గీతలు, పక్కన ఒక సున్నా గీశాడు.

"ఓరి నీ పాడుగాను! నా రెక్కలు వడిపోయేటట్టు సున్నమేస్తి గదరా!"

"ఏం జెయ్యాలక్కా. అబ్బకైతే ఊరంత ఎరుకే. నాకు ఏ ఇంటివి ఏ గిన్నెలో యాదికుండది. పండుగ నాడు గిన్నెలిచ్చి నేనే తుడుస్త గద."

"తుడువకపో, నీ ఈపు మీద నేను గీస్త గీతలు."

వాడు నవ్వుతూ కావడి ఎత్తుకున్నాడు. గుండిగ ఊగకుండా ఒక చేత్తో పట్టుకుని పోయాడు.

పొద్దూకేసరికి ఊళ్ళో ఇంటింటికీ గీతలు పడ్డాయి. మగవాళ్ళంతా చేలల్లో ఉండిరి. ఇళ్ళకు వచ్చి, ఇవేమిటని అడిగితే ఆడవాళ్ళు చెప్పనే చెప్పారు, కళాయి పిల్లగాడు గీసిండని. అక్కడితో అయిపోవలసిన ముచ్చట. కానీ చెవులలో ఛత్రీలవాళ్ళు దూరి కూర్చున్నారు కదా. తాడు పామవడానికి ఎంతసేపు!

"కాసిం ఎన్నడన్న దర్వాజలకు గుర్తులు పెట్టిండా?" అన్నాడట పటేలు. పెట్టలేదు. "గీ పోరన్ని ఇంతకుముందు ఎవలన్న చూసిండ్రా?" చూడలేదు. "మరి ఊరవుతల గా తెల్లపొగ ఏంది?" కళాయి పోసేటప్పుడు వేడి గిన్నెలో నవసాగరం చల్లితే గుప్పున తెల్లపొగ లేస్తుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఏటా చూస్తున్న పొగే. ఆ రోజు అది కొత్త పొగైపోయింది.

నలుగురు మా ఇంటికి వచ్చారు. పర్శరాములు పీట మీద కూర్చుని గటక తింటున్నాడు. వాళ్ళ వెంట లేచి దర్వాజ దగ్గరికి పోయి, రెండు గీతలనూ సున్నానూ చూశాడు.

"గాడు కాసిం సాబు చిన్నకొడుకు. మన గిన్నెలు నేనే ఇచ్చిన" అన్నాను.

"గట్ల చెప్పుకొనే వస్తరు శంకరవ్వా. యుద్ధం సంగతి నీకెరుకనా, సిపాయికెరుకనా?" అన్నాడు ఒకాయన.

పర్శరాములు నన్ను చూశాడు, వాళ్ళను చూశాడు. "రేపు పొద్దుగాల చూద్దాం తియ్యుండ్రి" అన్నాడు.

మర్నాడు పొద్దున నేను పెరట్లో బతుకమ్మ కోసం తెచ్చిన గునుగుపూలకు రంగు అద్దుతున్నాను. ఊరి బయట నుంచి గోల వినిపించింది. జాతరలో పొట్టేళ్ళు కొట్లాడేటప్పుడు లేచే గోల అది. రంగు చేతులతోనే ఉరికాను.

ఊరి మగవాళ్ళంతా గుంపుగా నిలబడ్డారు. మధ్యలో కొలిమి, తిత్తి, బొగ్గుల బస్తా. కొలిమి మీద నా గుండిగ. యూసుఫ్ చేతిలో కళాయి రుద్దే దూది పట్టుకుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. పటేలు నవసాగరం గడ్డను పైకెత్తి అందరికీ చూపిస్తున్నాడు.

"గిదేంది? బాంబుల మందా?"

"నవసాగరం పటేలా. కళాయికి..." అన్నాడు యూసుఫ్.

"ఏమంటవు సిపాయీ? నువ్వు చెప్పు. గీడు గాళ్ళ మనిషేనా?"

అందరూ పర్శరాములు వైపు తిరిగారు. వాడు మిలట్రీ బట్టలు వేసుకుని ఉన్నాడు. హిందీలో ఏదో గద్దించి అడిగాడు. యూసుఫ్ ఉర్దూలో జవాబు చెప్పాడు. పర్శరాములు చెంప మీద కొట్టాడు. ఒక్క దెబ్బ. అక్కడితో ఆగేదేమో. కానీ ఆ పిల్లగాడు బెదిరి, లేచి ఉరకబోయాడు.

"ఉరుకుతున్నడు! దొంగ గాకుంటె ఎందుకురుకుతడు!"

నాలుగడుగులు పడకముందే పర్శరాములు వాణ్ణి పట్టి కింద పడేశాడు. బూటుకాలితో కడుపులో తన్నాడు. మళ్ళీ తన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పందెం కోడిని ఉసికొల్పినట్టు కేకలు వేస్తున్నారు. ఎవడో కాలితో నూకితే బొగ్గుల బస్తా కొలిమి మీద ఒరిగిపడింది.

"పర్శా! గాడు కళాయి పిల్లగాడురా! గా గుండిగ నాదిరా!" అని నేను మొత్తుకున్నాను. మా ఆయన నా రెక్క పట్టి వెనక్కి గుంజాడు. నా అరుపు నాకే వినిపించలేదు. నా మరిది కాలు లేవడం, దిగడం మాత్రం కనబడుతోంది. నేను గోరుముద్దలు పెట్టిన పిల్లగాడి కాలు అది.

కేకలు ఒక్కసారిగా ఆగిపోయాయి. యూసుఫ్ ముడుచుకుని పక్కకు పడి ఉన్నాడు, నోట్లోంచి నెత్తురు. అంతమందిలో ఒక్కరూ ముందుకు రాలేదు. అప్పుడు నేనే పోయి వాడి తల ఎత్తాను. నా చేతి గునుగు రంగు, వాడి నెత్తురు కలిసిపోయాయి.

"బండి కట్టు! కట్టవా? లేకపోతే నేనే గుంజుక పోత!" అని మా ఆయన మీద అరిచాను. ఆయన పోయి ఎడ్లను తెచ్చాడు.

ఖానాపూర్ దవాఖాన బాట అంతా గుంతలే. బండి ఎగిరినప్పుడల్లా నా ఒళ్ళో ఆ పిల్లగాడు మూలిగాడు. సగం దూరం పోయాక కళ్ళు తెరిచాడు. ఏమైనా శపిస్తాడేమో, నీ మరిదే కదా అంటాడేమో అనుకున్నాను. శపించినా బాగుండేది.

"అక్కా... మీ గుండిగ కొలిమి మీదనే ఉండె. అడుగు పల్చగున్నది. కాలిపోతది... తియ్యమనక్కా" అన్నాడు.

"తీసిండ్రు బిడ్డా. తీసిండ్రు" అన్నాను. తియ్యలేదని నాకు తెలుసు.

ఖానాపూర్ ఇళ్ళు కనబడకముందే వాడి తల బరువెక్కింది. మా ఆయన ఎడ్లను ఆపి, వెనక్కి తిరిగి చూసి, తలపాగ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు. నిన్న దర్వాజ పాడు చేశాడని తిట్టాను కదా, ఆ పిల్లగాడేనా వీడని ముఖం మళ్ళీ మళ్ళీ చూశాను.

ఎస్సై మర్నాడు వచ్చాడు. శవాన్ని ఖానాపూర్ దవాఖాన నుంచి నిర్మల్ పంపించారనీ, తండ్రి వచ్చి తీసుకుపోయాడనీ చెప్పాడు. పటేలు ఇంట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి మర్యాదలు చేశారు. గూఢచారి అనుకున్నాం, జనం మీదపడ్డారు, ఎవరి దెబ్బో ఎవరికెరుక అన్నాడు పటేలు. గీతలు చూపించి, "గివి సాక్ష్యం, ఎవలు తుడువద్దు" అని ఊరందరికీ చెప్పాడు. ఎస్సై రాసుకుని, బండిలో తీసుకొచ్చిన ఆడమనిషి మాట తనకు కావాలన్నాడు. పండుగ తెల్లారి నన్నూ, సిపాయినీ స్టేషన్‌కు రమ్మన్నాడు.

ఆయన అటు పోగానే పటేలు మా ఇంటికి వచ్చాడు.

"శంకరవ్వా, మంది మస్తుండిరి, ఎవలు కొట్టిండ్రో కనవడలేదను. గంతే. నువ్వు ఊ అంటె కేసు, ఉహూ అంటె లేదు. దేశం కోసం చెయ్యి కాల్చుకున్నోన్ని జైల్ల ఏయిస్తవా?"

"ఆడ కాలింది చెయ్యి. ఈడ లేసింది కాలు. రెండు ఒకటే ఎట్లయితయ్ పటేలా?"

"నోరు మూస్కోయే!" అన్నాడు మా ఆయన. ఏనాడూ నన్ను అలా అనని మనిషి. అని, తనే తల దించుకున్నాడు. వాడు ఆయనకు తోడబుట్టినవాడు, ఒక్కడే తమ్ముడు. ఆయన బాధ నాకు తెలియక కాదు. మా అత్త గోడకు ఆనుకుని కూర్చుంది. కొలిమి దగ్గర జరిగింది చెప్పినప్పటి నుంచి ఆమెకు ఉలుకూ లేదు, పలుకూ లేదు. కొడుకును కాపాడమని నా కాళ్ళు పట్టుకుంటుందేమో అని భయపడుతూ తిరిగాను.

సద్దుల బతుకమ్మ నాడు ఊరంతా పాటలు. మేం పేర్చలేదు. మధ్యాహ్నం పెరట్లో పర్శరాములు చేతికట్టు విప్పాను. వెనక కొట్టంలో మా అత్త జొన్నలు దంచుతోంది. ఆనాటి నుంచీ గొంతులో ఉన్నది అడిగేశాను.

"నిజంగనే గాళ్ళ మనిషనుకున్నవా పర్శా?"

వాడు కాలిన చేతిని ఒళ్ళోకి లాక్కున్నాడు.

"అనుకోలె వదినే."

"ఏందీ?"

"చూడంగనే ఎరుకైంది, కళాయి పోరడే అని. చేతుల దూది, గోర్ల నిండ తగరం. కాసిం సాబు కొడుకును అని రెండుసార్లు చెప్పిండు."

నా చేతిలోని కట్టుగుడ్డ మట్టిలో పడింది.

"మరి ఎందుకు కొట్టినవ్రా?"

"అందరు నా మొఖమే చూస్తుండిరి. నాకు తెల్వదని ఎట్లనాలె? కాదు, గీడు మనోడే అంటె... గింతేనా సిపాయి అంటరు గద. ఒక్క దెబ్బ కొట్టి ఇడుద్దామనుకున్న. గాడు ఉరికిండు. ఎనుకకెళ్ళి అందరు ఒర్రవట్టిరి. నా కాలు ఆగలె వదినే."

పొరపాటు పడ్డాడనే ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆ పొరపాటును పట్టుకునే వాడికి వండి పెడుతున్నాను. అదీ పోయింది. నిప్పులోకి దూకడానికి భయపడని మనిషి, మా ఊరి మగవాళ్ళు చిన్నచూపు చూస్తారని భయపడి ఒక పిల్లగాణ్ణి చంపాడు. ఈ రెండూ ఒకే ఒంట్లో ఎట్లా పట్టాయో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.

వెనక కొట్టంలో రోకలి చప్పుడు ఆగిపోయి ఉందని నాకు అప్పుడే తెలిసింది.

దసరా నాడు పొద్దున ఊరి బయట తెల్లపొగ లేచింది. మళ్ళీ లేచింది. వాకిళ్ళలో ఉన్నవాళ్ళంతా చూశారు. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ అటు పోలేదు. కాసిం సాబు వచ్చి, కొడుకు తవ్విన కొలిమి దగ్గర కూర్చుని, మిగిలిపోయిన గిన్నెలకు కళాయి పోస్తున్నాడు.

మధ్యాహ్నం తిరిగాక మగవాళ్ళు డప్పులతో వచ్చి పర్శరాములును జమ్మి దగ్గరికి తీసుకుపోయారు. వాడు వెళ్ళడానికి ముందు తల్లి వైపు చూశాడు. ఆమె బియ్యం ఏరుతూ తలెత్తలేదు. వాళ్ళు పోయాక కాసిం సాబు కావడితో ఊళ్ళోకి వచ్చాడు. మోకాళ్ళు వంగడం లేదు. ఒక్కొక్క దర్వాజ దగ్గర ఆగి, ముఖం దగ్గరగా పెట్టి గీతలు చూసి, వేలితో తడుముకుని, ఆ ఇంటి గిన్నెలు ఆ ఇంటి ముందు పెట్టాడు. పెట్టి, భుజం మీది తువాలతో ఆ గీతలు తుడిచాడు. ఎవరూ తుడవవద్దని పటేలు చెప్పిన గీతలు. ఆయన్ను ఎవరూ ఆపలేదు. ఏ ఇంటికీ గిన్నె మారలేదు.

మా ఇంటి ముందు రెండు గిన్నెలు పెట్టాడు. లోపల వెండిలా మెరుస్తున్నాయి. తర్వాత గుండిగ తీశాడు. అడుగున అరచేయంత చిల్లు, చుట్టూ నల్లగా కాలిపోయి ఉంది.

"గిన్నెలకు పిల్లగాడే పోసిండక్కా" అన్నాడు మా అత్తతో. "గుండిగనే కాలింది. మా చేతుల ఉండంగ ఖరాబైంది. వచ్చే ఏడు దీనికి బదులు తెచ్చిస్త."

మా అత్త రెండు చేతులా గుండిగ అందుకుంది.

"జర కూసో కాసిమన్నా" అన్నాను నేనే.

"పోత బిడ్డా. ఇంక రెండిండ్లున్నయ్."

మా దర్వాజ మీది రెండు గీతలనూ, సున్నానూ తువాలతో రుద్దాడు. పూర్తిగా పోలేదు, నల్లటి మరక మిగిలింది. పండుగ నాడు నేనే తుడుస్తానన్న మాట నాకు గుర్తొచ్చి, ఇన్నాళ్ళూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ ఏడు ఆయన బంగారం కోసం ఆగలేదు.

ఆయన మా వాడ చివరి ఇంట్లో గిన్నెలు దింపుతుండగా డప్పులు దగ్గరికొచ్చాయి. పర్శరాములును ఇద్దరు భుజాల మీద ఎత్తుకున్నారు. మెడలో దండలు, చేతిలో జమ్మికొమ్మ. ఎదురుగా ఖాళీ కావడితో కాసిం సాబు వస్తున్నాడు. డప్పు ఒకటి ఆగింది, తర్వాత రెండోది ఆగింది. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆయన ఎవరి ముఖమూ చూడకుండా వాళ్ళ మధ్య నుంచి నడిచిపోయాడు.

పర్శరాములు భుజాల మీద నుంచి తనే జారి దిగాడు. మా వాకిట్లోకి వచ్చి, కొమ్మ నుంచి ఆకు తుంచి తల్లి ముందు నిలబడ్డాడు. మొదటి బంగారం తల్లికే ఇవ్వాలి. లింగమూర్తి పటేలు, మా ఆయన, ఊరు ఊరంతా చూస్తోంది.

"అవ్వా, బంగారం" అన్నాడు.

మా అత్త చెయ్యి చాపలేదు. చేతిలో ఉన్న గుండిగను చాపింది. వాడికి అర్థం కాలేదో, అయిందో, ఆకును అందులో వేశాడు. అది చిల్లులోంచి జారి వాడి బూటు మీద పడింది.

ఎవరూ వంగి దాన్ని తియ్యలేదు. మా అత్త గుండిగ పట్టుకుని లోపలికి పోయింది.

తెల్లవారి స్టేషన్‌కు పోవాలి. వాకిట్లో బండి కట్టి ఉంది. పర్శరాములు మిలట్రీ బట్టలు వేసుకుని, బూట్లు తుడుచుకుని బయటికి వచ్చాడు. అట్లా పొమ్మని చెప్పింది పటేలు. వర్దీ చూస్తే ఎస్సై కూడా లేచి నిలబడతాడన్నాడట. నేను లోపల నిశ్చయించుకునే ఉన్నాను, చూసింది చూసినట్టు చెప్పాలని. కానీ మా అత్త ముఖం చూస్తూ ఆ ఇంట్లో ఎట్లా బతకాలో నాకు తెలియలేదు.

మా అత్త దర్వాజకు అడ్డంగా నిలబడింది. అన్ని రోజుల తర్వాత అదే ఆమె మొదటి మాట.

"గా బట్టలిడువు."

"అవ్వా, పటేలు..."

"గవి సర్కారు ఇచ్చినయ్. గా పోరని సావు సర్కారుది గాదు, నీది. మీ అన్న ధోతి కట్టుకొని పో."

తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు గూడ పో బిడ్డా. నువ్వేం జూసినవో గదే చెప్పు. నాకోసం ఏం దాయకు" అంది. అని, గోడ పట్టుకుని కూలబడి, కడుపు పట్టుకుని ఏడ్చింది. ఆమె ఏడుపు విని వాడు లోపలికి పోయి బట్టలు మార్చుకున్నాడు.

స్టేషన్‌లో ఎస్సై మా ముగ్గురినీ చూశాడు. పర్శరాములుకు మోకాళ్ళ దాకా ధోతి, మాసిన అంగీ, ఉత్త కాళ్ళు. వాణ్ణి దాటి వెనక ఎవరైనా ఉన్నారా అని వెతికాడు.

"సిపాయి ఏడి?" అన్నాడు.

పర్శరాములు ముందుకు జరిగాడు.

"నేనే సార్. కాసిం సాబు కొడుకు యూసుఫ్‌ను తన్ని చంపింది నేనే. మంది గాదు."

ఆ పిల్లగాడి పేరు వాడి నోట వినడం అదే మొదటిసారి. ఎస్సై కలం తీసి ఆ పేరు రాసుకున్నాడు. మా ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఎస్సై నా వైపు తిరిగి, చచ్చిపోయినవాడు నీకేమవుతాడని అడిగాడు.

"ఏం గాడు సార్. మా గుండిగకు కళాయి పోస్తుండె" అన్నాను.

"కొట్టినోడు?"

"మా మరిది" అన్నాను. సిపాయి అన్న మాట నేనూ వాడలేదు.